రెండేళ్ల అనుభవంతో మీటప్‌లో మాట్లాడవచ్చా?

ఉద్యోగంలో చేరి రెండేళ్లే అయిందని, మీ ఊరి పైథాన్ ప్రోగ్రామింగ్ భాష మీటప్‌లో అరగంట మాట్లాడమంటే ఏ అంశం తీసుకోవాలో, తెలుగులో మాట్లాడాలో ఇంగ్లీషులో మాట్లాడాలో తేలడం లేదని అడిగారు. హైదరాబాద్‌లో మొదటిసారి ఇలాంటి సభలో మాట్లాడడానికి ఒప్పుకున్నప్పుడు నా పరిస్థితీ ఇంచుమించు ఇదే. అంశం గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పగలను: ఈ మధ్య ఒక రోజంతా మీరు తల పట్టుకుని కూర్చునేలా చేసిన చిక్కు ఏదో, దాని గురించే మాట్లాడండి.

నాకు ఆ చిక్కు ఒక పేరుతో వచ్చింది. మేము తయారుచేస్తున్న అప్లికేషన్‌లో 'రమేష్' అని వెతికితే, ఎదురుగా కనిపిస్తున్న 'రమేష్' దొరకలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎంత చూసినా తేడా కనబడలేదు. హల్లును, గుణింతపు గుర్తును, పొల్లును విడివిడిగా లెక్కపెట్టి ఒకదాని పొడవు 5, రెండోదాని పొడవు 6 అని పైథాన్ చెప్పాక గాని, రెండో పేరు చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు దాగి ఉందని తెలియలేదు. పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో అది లేకపోతే వ వెళ్లి ట కింద ఒత్తుగా చేరుతుంది. పదం చివరి పొల్లుకు కూడా దాన్ని తగిలించే టైపింగ్ సాధనాలు ఉన్నాయి. మాట చివరి ఖాళీలను తీసేసే పైథాన్ స్ట్రిప్ దాన్ని ఖాళీగా లెక్కించదు. అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో, ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు తీరులను ఒకే రూపానికి తెచ్చే నార్మలైజేషన్ కూడా దాన్ని తీసివేయదు.

ఇంత చిన్న విషయం అరగంటకు చాలదేమోనన్న భయంతో నేను ఇంగ్లీషు అక్షరాలకు సంఖ్యలిచ్చిన పాత పద్ధతి ఆస్కీ చరిత్ర నుంచి మొదలుపెట్టి నలభై స్లైడ్లు తయారుచేశాను. ఒక మిత్రుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని గడియారం చూసుకుంటూ చెబితే, పావుగంట గడిచినా తెలుగు అక్షరం ఒక్కటీ రాలేదు. వాటిలో చాలావాటిని తీసేసి, దొరకని రమేష్‌తోనే ప్రసంగం మొదలుపెట్టాను.

సభ నిజంగా ముందుకు వంగి చూసింది మాత్రం 'తెలుగు' అన్న మాటను తిరగేసినప్పుడు. 'గులుతె' వస్తుందని అందరూ అనుకున్నారు. పైథాన్ 3 అక్షరాలను కాక కోడ్ పాయింట్లను, అంటే యూనికోడ్ విడివిడిగా సంఖ్య ఇచ్చిన ఒక్కో గుర్తును, తిప్పుతుంది కాబట్టి, మొదట హల్లు లేని కొమ్ము ఒకటి చుక్కల సున్నాను పట్టుకుని నిలబడింది, 'లు' కొమ్ము గ కు, 'తె' ఎత్వం ల కు అంటుకున్నాయి, చివర ఒట్టి 'త' మిగిలింది. అయితే ఇంట్లో బ్రౌజర్‌లో సాధన చేసిన నేను అక్కడ దర్జాగా, ఆదేశాలు టైప్ చేసే కిటికీ అయిన టెర్మినల్ తెరిచాను. అది ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చలేక విడదీసి చూపిస్తుంటే, ఏది పైథాన్ చేసిన పనో ఏది టెర్మినల్ నిర్వాకమో చెప్పడానికే రెండు నిమిషాలు పోయాయి. సాధన దేనిలో చేశారో సభలోనూ అదే తెరవండి, తెల్లటి నేపథ్యం మీద పెద్ద అక్షరాలు పెట్టండి.

భాష సంగతి నిర్వాహకులను ముందే అడగండి. హైదరాబాద్ సభలో తెలుగు రానివారు కొందరు ఉన్నందువల్ల నేను ఇంగ్లీషులోనే చెప్పాను. విజయవాడలోనో వరంగల్‌లోనో అయితే, సాంకేతిక పదాలను ఉన్నవి ఉన్నట్లుగా ఉంచి తెలుగులోనే చెప్పి ఉండేవాడిని.

ప్రశ్నల గురించి అంత భయపడనక్కరలేదు. 'క్షి' లో నాలుగు కోడ్ పాయింట్లు ఉన్నాయని ప్రసంగంలో అన్నాను. మరి యూనికోడ్ నియమాల ప్రకారం అది ఒక అక్షరమా రెండా అని వెనుక వరుసలోంచి ఒకాయన అడిగారు. తెలియదని, చూసి చెబుతానని అన్నాను. ఆ రాత్రి చదివితే తేలిందేమిటంటే, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు సాధారణ నియమాలు దాన్ని పొల్లు దగ్గర రెండుగా విడగొట్టేవి, ఆ తరువాత తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకటిగానే ఉంచుతున్నాయి. మర్నాడు ఆ జవాబును మీటప్ వాట్సాప్ గ్రూపులో పెడితే, నా ప్రసంగం మీద కంటే దాని మీదే ఎక్కువ చర్చ జరిగింది.