బే ఏరియా వదిలేసి డాలస్ వెళ్ళిపోదామా అని అడిగేవాళ్ళకి

మొన్న ఆదివారం మా పెద్దమ్మ మనవరాలు సనీవేల్ నుంచి, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న ఈ బే ఏరియా ఊళ్ళలో ఒకదాన్నుంచి, ఫోన్ చేసి "పిన్నీ, ఈ సమ్మర్‌లో మా అపార్ట్‌మెంట్లో ఖాళీ చేస్తున్న నాలుగో ఫ్యామిలీ ఇది, అందరూ డాలసే, మేమొక్కళ్ళమే పిచ్చోళ్ళలాగ ఇక్కడ కూర్చున్నామా" అంది. వాళ్ళొచ్చి రెండేళ్ళు కాలేదు. అబ్బాయికి ఉద్యోగం మీద ఇచ్చే హెచ్ వన్ బీ వీసా, ఈ పిల్లది భార్యగా వచ్చిన హెచ్ ఫోర్, ఏడాదిన్నర బాబు, టూ బెడ్‌రూమ్‌కి నెలకి 3,700 డాలర్ల రెంటు. డేకేర్ కనుక్కుంటే 2,600 చెప్పారట. ఈ ఏడాది నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఆరుగురో ఏడుగురో ఉంటారు, ప్రతిసారీ ఫోన్లో గంటన్నర వాగే బదులు ఒకసారి రాసి పెడితే పోలా అని కూర్చున్నాను.

ముందే ఒప్పేసుకుంటాను, నేను 2006లో వచ్చాను, 2012లో ఫ్రీమాంట్‌లో టౌన్‌హోమ్ కొన్నాం 5 లక్షల 20 వేలకి, అప్పుడు ధరలు పడిపోయి ఉన్నాయి కాబట్టి కొనగలిగాం అంతే, ఇందులో మా తెలివితేటలేం లేవు. మాకూ పక్కింటికీ మధ్య ఒకే గోడ, అదే ఫ్లోర్ ప్లాను, అదే గరాజ్. రెండేళ్ళ క్రితం అది 13 లక్షల 50 వేలకి అమ్ముడుపోయింది, కొన్నది మన తెలుగు జంటే, చిన్న పాప. నవంబర్‌లో ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చినప్పుడు ఆ అమ్మాయి కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చి "ఆంటీ, మీకెంత వచ్చింది" అని అడిగింది. మాకు ఏడాదికి 8 వేలు, వాళ్ళకి 16 వేలు పైన. ఆ పిల్ల మొహం చూసి నాకే సిగ్గేసింది.

అది 1978లో పాసైన ప్రపోజిషన్ 13 పుణ్యం. కొన్న ధర మీద టాక్సు ఒక శాతం, లోకల్ బాండ్లవీ అవీ పైన కలుస్తాయి, ఆ వాల్యూ ఏటా రెండు శాతానికి మించి పెంచకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడే కొత్త రేటుకి లెక్కేస్తారు. దాంతో పాతవాళ్ళు కదలరు, పిల్లలు వెళ్ళిపోయి నాలుగు బెడ్‌రూముల ఇంట్లో ఇద్దరే ఉన్నా సరే కదలరు. దానికి తోడు 2020, 21లో మూడు శాతం దగ్గర రీఫైనాన్స్ చేసుకున్నవాళ్ళున్నారు, ఆరూ ఆరున్నరకి కొత్త లోను ఎవరు తీసుకుంటారు చెప్పండి. ఉద్యోగాలేమో పెరిగాయి, ఇళ్ళు ఆ లెక్కన కట్టలేదు, ఊళ్ళకి ఊళ్ళు సింగిల్ ఫ్యామిలీ జోనింగే, అంటే ఒక స్థలంలో ఒక కుటుంబానికే ఇల్లు కట్టాలి. ఇక కొత్తగా వచ్చిన కుర్ర జంటకి మిగిలేది రెంటూ, డేకేరూ.

అందుకే వెళ్ళిపోతున్నారు. 2020 సెన్సస్ తర్వాత కాలిఫోర్నియా చరిత్రలో మొదటిసారి ఒక కాంగ్రెస్ సీటు పోగొట్టుకుంది, 53 నుంచి 52కి వచ్చింది, టెక్సస్‌కేమో 36 కాస్తా 38 అయ్యాయి. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో 2000లో జనాభా 34 వేలు కూడా లేదు, 2020కి రెండు లక్షలు దాటింది. ఇటు మన వాళ్ళంతా స్కూళ్ళ కోసం ఎగబడే కుపర్టినోలో పిల్లలు తగ్గిపోయి 2022లో ఎలిమెంటరీ స్కూళ్ళు మూసేశారు. స్కూల్ కోసం కదా అక్కడ ఇంత రెంటు కడతారు, ఆ రెంటు కట్టలేకే పిల్లలున్నవాళ్ళు పోయారు, పిల్లలు లేక స్కూలు పోయింది.

ఇప్పుడు లెక్కకొద్దాం, ఎందుకంటే ఈ లెక్క చాలామంది తప్పు వేస్తున్నారు. "టెక్సస్‌లో స్టేట్ టాక్స్ లేదక్కా, ఇక్కడ 13 శాతం లాగేస్తున్నారు" అంటారు. ఆ 13 శాతం మిలియన్ దాటినవాళ్ళకి, మీకూ నాకూ కాదు. భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే లక్షా 80 వేల జీతానికి స్టేట్ టాక్సూ, ఎస్‌డీఐ అనే స్టేట్ ఇన్సూరెన్స్ కోతా కలిపి పది వేలకి కాస్త పైన అవుతుంది. డాలస్ వైపు ఆరున్నర లక్షల ఇల్లు కొంటే ప్రాపర్టీ టాక్స్ రెండు శాతం దగ్గర వేసుకోండి, కొత్త కాలనీ అయితే నీళ్ళకీ రోడ్లకీ అయిన ఖర్చుకి మడ్ అనీ పిడ్ అనీ ఇంకొంచెం తగిలిస్తారు. అంటే ఇక్కడ మిగిలిందనుకున్న పది పన్నెండు వేలూ అక్కడ కౌంటీకి కట్టేస్తున్నారు, ఖజానా మారిందంతే. నిజంగా మిగిలేది ఇంటి ధరలో. మా పక్కింటిలాంటిది ఇవాళ 20 శాతం డౌన్ కట్టి ఆరున్నర శాతానికి తీసుకుంటే ఈఎంఐ, టాక్సు, హెచ్‌ఓఏ అనే కాలనీ మెయింటెనెన్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నెలకి 9 వేలకి అటూ ఇటూ, పైగా డౌన్‌కే 2 లక్షల 70 వేలు పోగేయాలి. అక్కడ ఆరున్నర లక్షల ఇంటికి 4,700 చిల్లర, ఇల్లు దీనికంటే పెద్దది. ఈ తేడా ముందు టాక్సు గొడవ చిన్నది.

మరి ఇంత తేడా ఉంటే వెళ్ళక ఏం చేస్తారు అంటారా. ఇక్కడే నా మాట కొంచెం వినండి.

బే ఏరియా రెంటులో మీరు కట్టేది గోడలకీ కార్పెట్‌కీ మాత్రమే కాదు, హెచ్ వన్ బీ మీద ఉన్నన్నాళ్ళూ అందులో ఒక ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిసి ఉంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికో దేశం వదలడానికో చేతిలో ఉండేది 60 రోజులు. ఆ 60 రోజులు కూడా 2017లో వచ్చిన రూలు, 2009లో మా ఆయన లేఆఫ్ అయినప్పుడు అదీ లేదు, నేను పెళ్ళి గాజులు ఏ లాకర్లో ఉన్నాయా అని ఆలోచించిన రాత్రులున్నాయి. 2023లో మా కింద యూనిట్లో ఉండే తమ్ముడికి లేఆఫ్ అయింది, మొదటి రెండు వారాలు ఒక్క కాల్ లేదు, వాళ్ళావిడ సూట్‌కేసులు అటక మీంచి దింపింది కూడా. 47వ రోజు ఆఫర్ వచ్చింది, పాత ఆఫీసుకి మూడు మైళ్ళ దూరంలో. లీజ్ బ్రేక్ చెయ్యలేదు, పిల్ల స్కూలు మారలేదు, ట్రక్ మాట్లాడలేదు. మీరు చేసే పనికి కారులో అరగంట దూరంలో ఎన్ని కంపెనీలున్నాయో లెక్కపెట్టుకోండి, ఇక్కడా అక్కడా. డాలస్‌లో ఉద్యోగాలు లేవని నేననను, ప్లేనో, అర్వింగ్ చుట్టూ బ్యాంకులు, టెలికం, ఐటీ సర్వీసులు బోలెడున్నాయి, టొయోటా అమెరికా హెడ్ ఆఫీసే 2017లో ప్లేనోకి వచ్చింది. జావా, డేటా ఇంజినీరింగ్, టెస్టింగ్ లాంటివి చేసేవాళ్ళకి పెద్ద తేడా ఉండదు. చిప్ డిజైన్ వాళ్ళు ఆస్టిన్ చూసుకోవచ్చు. ఏదో స్టార్టప్‌లో ఒక ఇరుకైన పని చేసేవాళ్ళు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

గ్రీన్‌కార్డ్ ఫైల్ ఏ స్టేజ్‌లో ఉందో అది ఇంకా ముఖ్యం. ఆఫీసు మెట్రో ఏరియా మారితే హెచ్ వన్ బీ అమెండ్‌మెంట్ వెయ్యాలి, అదీ కొత్త చోట పని మొదలుపెట్టకముందే, "రిమోటే కదా, మేనేజర్ సరే అన్నాడు" అంటే కుదరదు, మేనేజర్ సరే అంటే అది వీసా కాదు. గ్రీన్‌కార్డ్‌కి మొదటి మెట్టు పెర్మ్, కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి వేసే అప్లికేషన్, అది కూడా ఆ ఊరికి, ఆ జీతానికి వేసినది, మధ్యలో ఊరు మారిస్తే మామూలుగా మళ్ళీ మొదటికే వస్తుంది, పెర్మ్‌కి ఇప్పుడు ఏడాది పైనే పడుతోంది. అదే రెండో మెట్టు ఐ-140, అంటే కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్, అప్రూవ్ అయ్యాక వెళ్తే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ చోటు, మీతోనే వస్తుంది, కొత్తగా పెర్మ్ వేసినా పాత డేటే పట్టుకోవచ్చు. హెచ్ ఫోర్ వాళ్ళు ఉద్యోగం చెయ్యడానికి కావలసిన పర్మిట్, ఈఏడీ, కూడా ఆ ఐ-140 మీదే ఆధారపడి ఉంటుంది, అంటే మా పిల్ల ఉద్యోగం చెయ్యాలన్నా అది రావాల్సిందే. ఇంటి కోసం తొందరపడి ఐ-140కి నాలుగు నెలల ముందు ట్రక్ ఎక్కినవాళ్ళని చూశాను, ఇల్లు బాగుంది, పూల్ కూడా ఉంది, ఆవిడ మాత్రం మూడేళ్ళు ఇంట్లోనే ఉండిపోయింది.

పిల్లల విషయం. కడుపుతో ఉండి ఉద్యోగం చేస్తున్నవాళ్ళు అయితే దయచేసి డెలివరీ అయ్యేదాకా కదలొద్దు. ఎస్‌డీఐ అని జీతంలో కోస్తారే, అందులోంచే డెలివరీకి ముందు నాలుగు వారాలు, తర్వాత ఆరు, సిజేరియన్ అయితే ఎనిమిది, ఆపైన ఫ్యామిలీ లీవ్ ఎనిమిది వారాలు వస్తుంది, తండ్రికి కూడా ఆ ఎనిమిది ఉంది. 2025 నుంచి జీతాన్ని బట్టి 70 నుంచి 90 శాతం ఇస్తున్నారు, పైన ఒక లిమిట్ ఉంది. టెక్సస్‌లో స్టేట్ తరఫున ఇలాంటిది లేదు, కంపెనీ ఇస్తే ఇచ్చినట్టు. ఇంకోటి టీకే, కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది క్లాసు. సెప్టెంబర్ ఒకటికి నాలుగేళ్ళు నిండిన పిల్లలందరికీ 2025-26 నుంచి కాలిఫోర్నియా పబ్లిక్ స్కూల్లో టీకే ఉచితం. టెక్సస్‌లో ఫ్రీ ప్రీకే అందరికీ కాదు, తక్కువ ఆదాయం లాంటి కొన్ని కేటగిరీలకే. నాలుగేళ్ళ పిల్లాడితో ఆగస్టులో వెళ్ళారనుకోండి, ఇక్కడ ఫ్రీగా వచ్చేదానికి అక్కడ ఇంకో ఏడాది డేకేర్ కట్టాలి.

మధ్యేమార్గం అని బే ఏరియాకి తూర్పున కొండలవతల ఉన్న మౌంటెన్ హౌస్, ట్రేసీ అంటారు. మౌంటెన్ హౌస్ 2024 జులైలో సిటీ కూడా అయింది, ఇళ్ళు కొత్తవి, మన వాళ్ళు బాగా ఉన్నారు, కానీ టాక్స్ బిల్లులో మెల్లో-రూస్ లైన్, అంటే కొత్త కాలనీల రోడ్లకీ స్కూళ్ళకీ వేసే అదనపు పన్ను, చూడకుండా ఆఫర్ పెట్టకండి. వారానికి ఒకటీ రెండు రోజులే ఆఫీసు అయితే హాయి. ఐదు రోజులంటే పొద్దున చీకటితోనే లేచి ఆల్టమాంట్ పాస్ మీద ఎర్ర లైట్ల తోరణం వెనక నిలబడాలి, లేదా ఏస్ ట్రైన్ పట్టుకోవాలి. మా వారి ఫ్రెండ్ ఆరేళ్ళు అలా తిరిగాడు, బాబు పడుకున్నాక వచ్చేవాడు, లేవకముందే వెళ్ళేవాడు. చివరికి వాళ్ళూ ఫ్రిస్కోకే వెళ్ళారు.

వెళ్ళేవాళ్ళకి రెండు మూడు ముక్కలు. ఊరు మారితే జీతం తగ్గిస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. కాలిఫోర్నియాలో ఉండగా ఇస్తామన్న కంపెనీ షేర్లు, ఆర్‌ఎస్‌యూలు, అక్కడికెళ్ళాక వెస్ట్ అయి మీ చేతికొచ్చినా ఇక్కడ పనిచేసిన రోజుల లెక్కన కాలిఫోర్నియాకి టాక్సు కట్టాలి, వెళ్ళిపోయాం కదా అని వదిలెయ్యకండి, టాక్స్ వాళ్ళ ఉత్తరం వస్తుంది. టెక్సస్‌లో ఇల్లు కొన్నాక హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి, అంటే సొంతంగా ఉండే ఇంటికిచ్చే టాక్స్ తగ్గింపుకి, మీరే అప్లై చేసుకోవాలి, దానంతట అది రాదు, అది ఉంటేనే టాక్సుకి లెక్కేసే ఇంటి విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగకుండా ఆగుతుంది. వడగళ్ళకి రూఫ్ పోతే ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ ఇంటి విలువలో ఒకటో రెండో శాతం ఉంటుంది, అంటే ఆరు వేలో పన్నెండు వేలో మీ జేబులోంచే. టెక్సస్ వెళ్ళాక కారు రిజిస్ట్రేషన్‌కి 30 రోజులు, లైసెన్స్‌కి 90 రోజులు గడువు. అడ్రస్ మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్ళకి కొత్త అడ్రస్ చెప్పే ఏఆర్-11 ఫారం నింపండి, ఐదు నిమిషాల పని, సగం మంది మర్చిపోతారు.

మా పిల్లకి ఏం చెప్పానంటే, వాళ్ళాయన పెర్మ్ మొన్ననే వేశారు కాబట్టి ఐ-140 వచ్చేదాకా ఇక్కడే ఉండమన్నాను, కానీ ఆ 3,700 అపార్ట్‌మెంట్లో కాదు. జిమ్ములూ పూలూ ఉన్న కొత్త బిల్డింగ్ ఎందుకమ్మా, 15 ఏళ్ళు దాటిన పాత కాంప్లెక్స్ చూడు మిల్పీటస్ వైపో ఫ్రీమాంట్ వైపో, అలాంటివాటికి 2020 నుంచి రెంటు పెంచడానికి కట్టడి ఉంది, ఐదు శాతం ప్లస్ ఇన్‌ఫ్లేషన్, ఏం చేసినా పది దాటకూడదు, కొత్త బిల్డింగులకి ఆ రూల్ వర్తించదు అన్నాను. డిష్‌వాషర్ పాతదై మోత చేస్తుంది, చెయ్యనీ. బాబుకి నాలుగేళ్ళొచ్చేసరికి ఐ-140, ఈఏడీ రెండూ చేతిలో ఉంటే అప్పుడు ఇద్దరి జీతాలతో మళ్ళీ లెక్క వేసుకోండి, అప్పుడు డాలస్ అంటే నేనే ప్యాకింగ్‌కి వస్తా అన్నాను. కొంచెం చప్పబడింది, తర్వాత "మిల్పీటస్‌లో ఏ కాంప్లెక్స్ పిన్నీ" అంది.

ఆ, ఇంకోటి. కరివేపాకు కుండీ కారులో పెట్టుకుని బయల్దేరకండి. కరివేపాకుది నిమ్మ కుటుంబమే, నిమ్మ నారింజ తోటల్ని చంపే తెగులు మోసే పురుగు దాని మీద కూడా ఉంటుందని క్వారంటైన్ పెట్టారు, మొక్కని స్టేట్ దాటించడానికి మామూలుగా ఒప్పుకోరు. కింద యూనిట్ తమ్ముడు వాళ్ళు పోయినేడు గ్రీన్‌కార్డ్ ఈఏడీ వచ్చాక వెళ్ళారు, వాళ్ళావిడ అన్నీ తానే సర్దుకుంది, ఆ కుండీ మాత్రం మా పాటియోలో పెట్టి ఎండ తగిలేట్టు రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని వెళ్ళింది. అలా వదిలి వెళ్ళినవి మా పాటియోలో ఇప్పటికి మూడయ్యాయి, ఒకటి నా ఎత్తుంది.