నేరోబోట్ అద్దెకు తీసుకునే ముందు: మైళ్లు కాదు, లాకులు లెక్కపెట్టండి

సందేహం: వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు. ఇంగ్లండులోని నాప్టన్ దగ్గర నేరోబోట్ (కాలువల్లో తిరిగే సన్నటి పొడవాటి పడవ) తీసుకుని వారంలో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి రావచ్చా? లైసెన్సు కావాలా?

నడిపేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు. పడవ అప్పగించేటప్పుడు అద్దెకిచ్చే యార్డు వాళ్లే అన్నీ చూపిస్తారు. ఆక్స్‌ఫర్డ్ ఆలోచన మాత్రం మానుకోండి. కాలువల్లో గంటకు 4 మైళ్లు మించకూడదు. కట్టేసిన పడవల పక్కన ఇంకా నెమ్మదిగా పోవాలి. మైళ్లూ లాకులూ (నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు) కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. నాప్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు దాదాపు 50 మైళ్లు, 35 పైచిలుకు లాకులు. అంటే ఒకవైపుకే 28 గంటల పైమాట. చీకటి పడ్డాక అద్దె పడవ నడపనివ్వరు. పెద్దవాళ్లతో రోజుకు అయిదారు గంటలు చాలు. దారిలోని క్రోప్రెడీ దాకానో, ఓపికుంటే బాన్‌బరీ దాకానో వెళ్లి తిరగండి. నాప్టన్‌లో 9 లాకులు ఎక్కాక క్లేడన్ దాకా సుమారు 11 మైళ్లు లాకే ఉండదు. కాలువ గుట్టల అంచునే మెలికలు తిరుగుతుంది. అమ్మానాన్నలకు నచ్చేది అదే.

గోదావరి జిల్లాల వాళ్లకు లాకులు కొత్త కాదు. కానీ ఇక్కడ తలుపులు తోసేదీ, విండ్లాస్ (తిప్పే పిడి)తో పాడిల్ (నీళ్లు వదిలే పలక) ఎత్తేదీ మనమే. పాడిల్ ముందు సగమే ఎత్తి, పడవ కుదురుకున్నాక మిగతాది ఎత్తండి. అసలు ప్రమాదం కిందికి దిగేటప్పుడు. పై తలుపుల అడుగున సిల్ అనే రాతి గట్టు నీళ్లలో మునిగి ఉంటుంది. గోడ మీద తెల్ల గీత కనబడుతుందే, పడవ వెనక భాగం దాన్ని దాటి కింది తలుపుల వైపే ఉండాలి. లేదంటే నీరు దిగేకొద్దీ తోక గట్టు మీద ఆగిపోయి ముక్కు మునుగుతుంది. నిమిషాల్లో పడవే పోతుంది. తోక ఆగినట్టు అనిపించగానే కింది పాడిళ్లు మూసేయండి, తర్వాత పై పాడిళ్లు నెమ్మదిగా తెరవండి. లాకులో ఉన్నంతసేపూ ఒకరు టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) వదలకూడదు. ఫోటోలు తర్వాత.

టిల్లర్ ఎడమకు తోస్తే ముక్కు కుడికి పోతుంది. ఇది అరగంటలో అలవాటవుతుంది. వెనక్కి నడిపేటప్పుడు మాత్రం చుక్కాని దాదాపు పనిచేయదు. బ్రేకులూ ఉండవు, కాబట్టి ముందే వేగం తగ్గించండి. ఎదురు పడవ వస్తే కుడివైపుకు జరగాలి. గోడకూ పడవకూ మధ్య చెయ్యో కాలో పెట్టి ఆపబోతే ఎముకలు విరుగుతాయి. పిల్లలకు లైఫ్ జాకెట్లు యార్డులో అడిగి తీసుకోండి.

నీళ్ల ట్యాంకు మన వాడకానికి త్వరగా ఖాళీ అవుతుంది. కుళాయి కనిపించిన చోటల్లా నింపడం మేలు. వంట చేసేది గ్యాసు పొయ్యి మీద. చలి వేస్తోందని గాలి రంధ్రాలకు గుడ్డలు కుక్కొద్దు, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. అలారం పనిచేస్తోందో లేదో మొదటిరోజే నొక్కి చూడండి.

ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచో, చీర ముక్కో చుట్టుకోవడం మామూలే. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే వీడ్ హాచ్ (ప్రొపెల్లర్ చేతికందేలా పైన ఉండే మూత) తెరవండి. మళ్లీ గట్టిగా బిగించాకే ఇంజన్ వేయాలి, లేకపోతే నీళ్లు లోపలికి చిమ్ముతాయి.

ఎప్పుడైనా థేమ్స్ నది మీదికి వెళ్లాలంటే ముందు యార్డు అనుమతి అడగండి. వానల తర్వాత అక్కడి లాకుల దగ్గర ఎర్ర బోర్డు కనిపిస్తే ప్రవాహం బలంగా ఉన్నట్టు. అది తీసేదాకా పడవ కట్టేసి ఆగాల్సిందే.