పోయినవాళ్ల పేరు మీద క్యాన్సర్ పరిశోధనకు చందా పోగుచేయడం చిన్న ఊళ్లో కుదురుతుందా?

అమ్మగారు పోయి ఆరు నెలలైందనీ, ఏడాది తిరిగేలోపు ఆవిడ పేరు మీద క్యాన్సర్ పరిశోధనకు కొంత డబ్బు పంపాలని ఉందనీ, కానీ ఊరు చిన్నదనీ రాశారు. కుదురుతుంది. మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా మామ్మ పేరు మీద మేం చేశాం. అయితే మొదట చేసిన పద్ధతిలో మాత్రం చేయకండి.

మొదట అందరూ చేసేదే చేశాను. మామ్మ ఫొటో, కింద క్యూఆర్ కోడ్, నాలుగు మాటలు రాసి వాట్సాప్‌లో పెట్టాను. పది రోజుల్లో ముగ్గురు ఇచ్చారు, అందులో ఇద్దరు మా బావలు. మా మేనమామ ఫోన్ చేసి, "పరిశోధనంటే ఏసీ గదుల్లో ఎలుకలకు సూదులు పొడవడమే కదరా, ఆ డబ్బుతో అన్నదానం పెట్టరాదా?" అన్నాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన ఐదు వేలిస్తాననీ, ఫ్లెక్సీలో తన ఫొటో కూడా వేయించమనీ అడిగాడు. మా దగ్గర పుట్టినా ఫ్లెక్సీయే, పోయినా ఫ్లెక్సీయే. వద్దన్నాను. ఇప్పటికీ ఎదురుపడితే ముఖం తిప్పుకుంటాడు.

మామ్మది అంగిలి క్యాన్సర్. అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం వైపు, మా వైపు పాతకాలం ఆడవాళ్లలో ఇది మామూలే. నోట్లో పుండు పడితే పంటి నొప్పనుకుని ఏడాది పాటు లవంగం నమిలింది. తర్వాత బరంపురం, ఆ తర్వాత విశాఖ తిరిగాం. కార్డు ఒక రాష్ట్రానిది, ఆసుపత్రి ఇంకో రాష్ట్రంలో. సరిహద్దులో పుట్టినవాడికి రోగం వస్తే ముందు అడిగేది ఎక్కడ నొప్పి అని కాదు, ఏ రాష్ట్రం అని. దీని మీద ఇంకోసారి విడిగా రాస్తాను.

సంవత్సరీకం రోజు భోజనాలకు దాదాపు నూట ఇరవై మంది వచ్చారు. మామ్మ చుట్టలు దాచుకునే రేకు డబ్బా మూతకు చీలిక కొట్టించి, వాకిట్లో చేతులు కడుక్కునే చోట పెట్టాను. దగ్గరికి వెళ్తే ఇంకా పొగాకు వాసనే. మామ్మ చెల్లెలు, మా చిన్న మామ్మ, దాన్ని చూసి గుర్తుపట్టింది. "ఇది అక్క డబ్బా కదరా, ఇందులో డబ్బులేటి?" అంది. నోటి క్యాన్సర్ ఎందుకొస్తుందో పరిశీలించే డాక్టర్లకు పంపుతామని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పెళ్లికి ముందు మా ఊరు కూడా వచ్చారురా బొంబాయోళ్లు. ఇంటింటికీ తిరిగి నోట్లో లైటేసి సూసి ఎలిపోయారు. ఏటుందో నాకైతే సెప్పనేదు" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయారు. ఇంకో ఇద్దరు ముసలమ్మలు తమకూ గుర్తుందన్నారు. చిన్న మామ్మ కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు డబ్బాలో వేసింది. వేసి, పెరట్లోకి వెళ్లి చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి పెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి డబ్బాలో, ఫోన్‌లో కలిపి 38,740 రూపాయలు.

ఆ బొంబాయోళ్లు ఎవరా అని ఆ రాత్రి నెట్‌లో వెతికితే దొరికింది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన మెహతా, గుప్తా మరికొందరు కలిసి మన దగ్గర 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగకూ అంగిలి జబ్బులకూ ఉన్న సంబంధం మీద 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. తర్వాత శ్రీకాకుళంతో పాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లను తీసుకుని, మానేయమని పట్టుబట్టి చెబితే ఫలితం ఉంటుందా అని కూడా చూశారు. అది 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎలుకల్లేవు, ఏసీ గదుల్లేవు. చిన్న మామ్మ చెప్పింది వీళ్ల గురించే, నాకు అనుమానం లేదు. మేనమామకు లింకు పంపాను. జవాబు లేదు గానీ వెయ్యి రూపాయలు పంపాడు.

ఇక డబ్బు సంగతి. అందరిదీ మీ ఖాతాలో పోగేసి పంపితే రసీదు మీ పేరు మీదే వస్తుంది, మిగతావాళ్లకు విరాళానికిచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు దక్కదు. పన్ను కట్టేవాళ్లను నేరుగా సంస్థకే పంపమనండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు ఎవరికీ రాదు. అన్నిటికన్నా ముఖ్యం, పరిశోధనకే అని ముందే ఉత్తరం రాసి, సరేనన్న జవాబు చేతికొచ్చాకే పంపండి. నేను ఫోన్‌లో మాట్లాడి పంపేశాను. రసీదులో 'సాధారణ నిధి' అని, అంటే పరిశోధనకే అని కాకుండా, వచ్చింది, మామ్మ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. పేరు సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. నిధి మాత్రం సాధారణంగానే ఉండిపోయింది.

మీ అమ్మగారిది ఏ క్యాన్సరో రాయలేదు. దాని మీద మన ప్రాంతంలో ఎవరైనా పనిచేశారేమో ముందు వెతకండి. దొరికితే ఆ పని గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాసి డబ్బాకు అంటించండి. డబ్బాను ఫొటో పక్కన పెడితే దండం పెట్టుకుని వెళ్లిపోతారు. చేతులు కడుక్కునే చోట పెట్టండి, జనం నిలబడి మాట్లాడుకునేది అక్కడే.