ఇచ్చింది తీసుకో బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోనులో నువ్వు మాట్లాడిన దానికంటే ఏడ్చిందే ఎక్కువ. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

దసరాకు అన్న, వదిన పంపిన సంచి విప్పగానే పిల్లలు ఎగిరి గంతేశారని, నీకూ కడుపు నిండినట్టయిందని చెప్పావు. ఆ వెంటనే సిగ్గు వచ్చిందన్నావు. పిల్లలిద్దరికీ బట్టలు, నీకు చీర, అల్లుడికి పంచె పెట్టారు, మనం తిరిగి ఏమి పెడతామని అల్లుడు మొహం పక్కకు తిప్పుకున్నాడట. పది వేలు అప్పు తెచ్చయినా వాళ్లకు బట్టలు పెట్టాలని అనుకుంటున్నారట. ముందు ఆ మాట మానుకోండి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 300, ఏడాదికి 3,600. వచ్చే దసరాకు అసలు అలాగే నిలబడి ఉంటుంది. మీ అన్న మీ ఇంటి భారం కొంత దించుదామని పంపితే, దాని పేరు చెప్పి మీరు ఇంకో భారం ఎత్తుకుంటారా?

మీరు ఒళ్లు వంచక ఇలా కాలేదు. బోరు ఎండింది, బత్తాయి తోట కళ్ల ముందే వడలిపోయింది, గత్యంతరం లేక పత్తి వేశారు. పత్తి పెట్టినవాడికి దసరా ఎప్పుడూ చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనే వస్తుంది. విత్తనాలు, ఎరువులు, మందులు, కలుపు కూలి అప్పటికే పెట్టి ఉంటాం. కాయ అప్పుడప్పుడే పగులుతూ ఉంటుంది. ఏరి, అమ్మి, డబ్బు కళ్లచూసే సరికి పండుగ దాటిపోతుంది. నల్లగొండ జిల్లాలో పుట్టిన మీ అన్నకు ఇది ఒకరు చెప్పాలా? తెలిసే పంపాడు.

నేను ఒకసారి తప్పు చేశాను. మీ అమ్మకు కూడా చెప్పలేదు, నీకు చెబుతున్నాను. 1972 కరువు. మీ పెదనాన్న గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, మట్టి పనికి దూరదేశం వెళ్లారు. పాలమూరులో అత్తగారింట్లో నేను, చంకలో పెద్దవాడు. పూటకింత జొన్న గటక, అది కూడా పలుచగా. సద్దుల బతుకమ్మకు ముందురోజు పక్కింటి అక్క వచ్చి చిన్న అంగీ ఒకటి నా చేతిలో పెట్టింది. నీలం గుడ్డ. రాత్రుళ్లు దీపం దగ్గర కూర్చుని చేతితో కుట్టింది. గుండీలు దొరకక రెండు తెల్లవి, ఒకటి ఎర్రది వేసింది. ఆమె ఇల్లు కూడా మా ఇంటిలాంటిదే. నేను ఏమన్నానో తెలుసా? ‘‘మావాడికి ఉన్నాయిలే అక్కా’’ అన్నాను. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ అంగీని నాలుగు మడతలు పెట్టి, కొంగు కింద దాచుకుని వెళ్లిపోయింది.

మరునాడు చెరువులో చుక్క నీరు లేక బతుకమ్మలను మోట బావిలో వేశాం. తరువాత వాయనాలు ఇచ్చుకుంటున్నాం. ‘‘ఇస్తినమ్మ వాయనం’’ అని ఒకరు చేయి చాపితే, ‘‘పుచ్చుకుంటినమ్మ వాయనం’’ అని రెండో ఆమె అనాలి కదా. ఆ మాట వినేదాకా ఇచ్చిన ఆమె చేయి గాలిలోనే ఉంటుంది. ఆ అక్క నా ముందుకు వచ్చి చేయి చాపినప్పుడు నాకు గొంతు పెగలలేదు. ముందురోజు ఆమె చేతిని నేనే గాలిలో వదిలేశాను. దసరా నాడు జమ్మి ఆకు తీసుకుని వాళ్లింటికి వెళ్లి, ఆమె చేతిలో పెట్టి కాళ్లకు మొక్కి, ‘‘ఆ అంగీ ఇవ్వు అక్కా’’ అని అడిగాను. లోపలికి వెళ్లి తెచ్చి, పిల్లవాడికి తనే తొడిగింది. చేతులు కొంచెం పొడుగైతే మడిచింది. ఆ అంగీ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

అందుకని నువ్వు ఈరోజే ఫోను చెయ్యి. ‘ఇవన్నీ ఎందుకు పంపారు, మీకు మాత్రం ఖర్చులు లేవా’ అని మొదలుపెట్టకు, అది విన్నవాళ్లకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది. చీర రంగు నచ్చిందని చెప్పు. పాపకు గౌను సరిగ్గా సరిపోయిందని చెప్పు. వాళ్ల మనసులో ఉండే దిగులు అదే, కొలత సరిపోయిందో లేదోనని. వదినతో విడిగా మాట్లాడు, బజారులో తిరిగి ఏరినది ఆమే అయి ఉంటుంది. పిల్లల చేత మాట్లాడించు. బట్టలు మేమే కొన్నామని వాళ్లకు చెప్పకు, మామయ్య పంపాడనే తెలియాలి. అల్లుడిని బలవంతపెట్టకు. పంచె కట్టుకుని గుడికి వెళితే చాలు, మాట తరువాత అదే వస్తుంది.

చీర పెట్టెలో దాచకు. సద్దుల బతుకమ్మ నాడు కట్టుకో, ఫొటో తీసి పంపు. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచితే అందరం వరుసలో నిలబడి తెచ్చుకున్నాం. తోడబుట్టినవాడు ఇచ్చింది కట్టుకోవడానికి మొహమాటమెందుకు?

ఏదైనా పెట్టాలని మనసు లాగుతుందని నాకు తెలుసు. మీ గట్ల మీద గునుగు, తంగేడు విరగబూసి ఉంటాయి. హైదరాబాదులో వదిన వాటిని చిన్న చిన్న కట్టలుగా డబ్బు పెట్టి కొంటుంది. పొద్దున్నే కోసి, తంగేడును తడి గుడ్డలో చుట్టు, లేకపోతే దారిలోనే వాడిపోతుంది. గునుగుకు భయం లేదు. కొంచెం నువ్వుల సద్ది కూడా డబ్బాలో పెట్టు. అల్లుడినే బస్సెక్కించి పంపు, పంచె కట్టుకుని వెళ్లమను.

మీ పెద్దమ్మ