జబ్బు దాచమంటున్న కన్సల్టెంట్ మాట వినవచ్చా?

ప్రశ్న: మావారు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా కెనడా పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేస్తున్నారు. నాకు ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. మెథోట్రెక్సేట్ మాత్రలు వాడుతూ, రెండు వారాలకోసారి అడలిముమాబ్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. జబ్బు అదుపులోనే ఉంది, ఉద్యోగం చేసుకుంటున్నాను. మా కన్సల్టెంట్ మాత్రం 'మెడికల్స్‌లో ఇంజెక్షన్ సంగతి ఎత్తకండి, నెల ముందు నుంచే మానేయండి. భయమైతే అసలు భార్య పేరే పెట్టకండి, ఆయన వెళ్లాక పిలిపించుకోవచ్చు' అంటున్నాడు. నా వల్ల ఇంటిల్లిపాదికీ ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఇంజెక్షన్ మానకండి. మానితే కీళ్లు మళ్లీ వాచే ప్రమాదం ఉంది. వాచిన చేతులతో డాక్టరు ముందు కూర్చుంటే కేసు ఇంకా బలహీనపడుతుంది. ఆ సలహా ఇచ్చినాయనకు వైద్యమూ తెలియదు, చట్టమూ తెలియదు.

మెడికల్స్ అనే ఈ వైద్య పరీక్షలో పాస్, ఫెయిల్ అంటూ ఉండవు. కెనడా ప్రభుత్వం గుర్తించిన ప్యానెల్ డాక్టరు మిమ్మల్ని చూసి, వివరాలు ఆన్‌లైన్‌లో పంపుతారు, అంతవరకే. నిర్ణయం అక్కడి ఇమిగ్రేషన్ శాఖది. పెద్దవాళ్లకు సాధారణంగా ఛాతీ ఎక్స్‌రే, మూత్ర పరీక్ష, సిఫిలిస్, హెచ్‌ఐవీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) కోసం రక్తపరీక్ష ఉంటాయి. కీళ్లవాతం కోసం ప్రత్యేకంగా రక్తం తీయరు. కానీ పాత జబ్బులేమిటి, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. మీరు చెప్పిన జవాబుల కింద మీ సంతకం ఉంటుంది. అబద్ధం పట్టుబడేది రక్తంలో కాదు, ఆ కాగితం మీదే.

కెనడా ఇమిగ్రేషన్ చట్టం 38వ సెక్షన్ మూడు ప్రశ్నలు వేస్తుంది. మీ వల్ల ప్రజారోగ్యానికి ముప్పుందా? ప్రజల భద్రతకు ముప్పుందా? ప్రభుత్వ వైద్య, సామాజిక సేవల మీద మితిమీరిన భారం పడుతుందా? ఆర్థరైటిస్‌కు మొదటి రెండింటితో పని లేదు. మీ జబ్బును కాదు, దాని ఖర్చును చూస్తారు. 2018లో ఖర్చు పరిమితిని మూడింతలు చేశారు. 2025కు అది మనిషికి ఏడాదికి 27,162 కెనడా డాలర్లు. మామూలుగా అయిదేళ్ల ఖర్చు అంచనా వేసి, ఈ పరిమితికి అయిదు రెట్లతో పోలుస్తారు. అడలిముమాబ్‌కు తక్కువ ధరలో బయోసిమిలర్లు (అదే పని చేసే వేరే కంపెనీల మందులు) వచ్చాయి కాబట్టి, మీరు వాడేది అదే అయితే ఆ సంగతి రిపోర్టులో స్పష్టంగా రాయించండి.

ఆఫీసరుకు అనుమానం వస్తే ఒకేసారి తిరస్కరించరు. ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ పంపుతారు. మీ జబ్బు పేరు, ఏ సేవలకు ఎంత ఖర్చవుతుందని అనుకుంటున్నారో, ఎప్పటిలోగా జవాబివ్వాలో అందులో ఉంటుంది. అది చూసి చాలామంది ఆశలు వదిలేసుకుంటారు. నా దృష్టిలో అసలు కేసు అక్కడే మొదలవుతుంది. 2005లో కెనడా సుప్రీంకోర్టు హిలెవిట్జ్ కేసులో ఇచ్చిన తీర్పు మీకు అండ. దక్షిణాఫ్రికా నుంచి ఒక కుటుంబం, నెదర్లాండ్స్ నుంచి ఇంకొకటి. ఇద్దరి పిల్లలకూ ప్రత్యేక బోధన అవసరమని వీసా కాదన్నారు. ఖర్చు మేమే పెట్టుకుంటామని తల్లిదండ్రులు చెప్పినా పట్టించుకోలేదు. జబ్బు పేరు చూసి లెక్క కట్టేస్తే కుదరదు, ఆ మనిషి పరిస్థితిని విడిగా చూడాల్సిందేనని కోర్టు తేల్చింది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఇంటి దగ్గర వాడుకునే మందుల ఖర్చును ప్రైవేటు ఇన్సూరెన్స్ భరిస్తుందని చూపించవచ్చు. మీవారికి అక్కడ ఉద్యోగం ఖాయమై ఉంటే, కంపెనీ గ్రూప్ పాలసీలో ఈ మందు వస్తుందని లేఖ తెచ్చుకోండి. విడిగా కొనే పాలసీలు ముందునుంచీ ఉన్న జబ్బును మినహాయించవచ్చు, జాగ్రత్త. ఆసుపత్రి, సర్జరీ ఖర్చుల సంగతి వేరు. వాటిని నేనే కట్టుకుంటానని హామీ ఇచ్చినా దానికి విలువ ఉండదు, ఎందుకంటే అక్కడ స్థిరపడినవాళ్లకు వాటిని ప్రభుత్వమే భరిస్తుంది. అందుకే మీ రుమటాలజిస్ట్ లేఖలో అన్నిటికన్నా విలువైనది ఒక్క వాక్యం: రాబోయే అయిదేళ్లలో జాయింట్ రీప్లేస్‌మెంట్ అవసరం కనబడటం లేదు అన్నది. అది నిజమైతేనే రాయమనండి. దానికి ఆధారంగా జబ్బు తీవ్రత స్కోరు, చేతుల ఎక్స్‌రే, మందుల మోతాదు, గత కొన్నేళ్లలో ఆసుపత్రిలో చేరలేదన్న సంగతి రాయాలి. 'పేషెంట్ బాగానే ఉన్నారు' అని రెండు ముక్కలు గీకి ఇచ్చే సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు. ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష చేసే ఉంటారు, ఆ రిపోర్టూ పెట్టండి.

2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లు దరఖాస్తు సమర్పించే ముందే మెడికల్స్ పూర్తి చేసుకోవాలి. కాబట్టి ఈ కాగితాలు ముందే సిద్ధం చేసుకుని ప్యానెల్ డాక్టరు చేతికే ఇవ్వండి.

ఇక పేరు పెట్టకపోవడం. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా. మీరు వెంట వెళ్లకపోయినా భార్యగా మీ పేరు చూపాలి, మీకూ మెడికల్స్ జరగాలి. అలా కాకుండా దాచితే, తర్వాత మీవారు స్పాన్సర్ చేద్దామన్నా, ముందు చూపని కుటుంబ సభ్యులను పిలిపించుకోనివ్వని నిబంధన 117(9)(డి) అడ్డొస్తుంది. పైగా తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 40వ సెక్షన్ కింద అయిదేళ్ల నిషేధం పడొచ్చు. విచిత్రమేమిటంటే, ఫ్యామిలీ క్లాస్‌లో (అక్కడ ఉన్నవాళ్లు కుటుంబాన్ని పిలిపించుకునే విభాగం) భర్త స్పాన్సర్ చేసే భార్యకు ఈ ఖర్చు పరిమితే వర్తించదు. అంటే నిజం చెప్పినవాళ్లకు ఉండే రెండో దారిని కూడా మీ కన్సల్టెంట్ సలహా మూసేస్తుంది. 'భార్య వెంట రావడం లేదు' అని రాసినంత మాత్రాన గండం గడవదు. మీకు అనర్హత పడితే మీవారి దరఖాస్తు కూడా ఆగుతుంది. కాబట్టి మీ ఫైలే అందరి ఫైలు అనుకోండి.

ఈ జవాబు వేరే దేశానికి పనికిరాదు. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి మొత్తం ఖర్చు పరిమితి 86,000 ఆస్ట్రేలియా డాలర్లు. నైపుణ్యాన్ని బట్టి ఇచ్చే స్కిల్డ్ 189 వీసాకు మీ దగ్గర డబ్బుందా లేదా అన్నది చూడనే చూడరు. బ్రిటన్‌లో ఖర్చు పరీక్ష లేదు. ఆరు నెలలకు మించి ఉండేవాళ్లలో కొన్ని దేశాలవారికి టీబీ పరీక్ష ఉంటుంది.

మీ కన్సల్టెంట్‌ను లైసెన్స్ నంబరు అడగండి. డబ్బు తీసుకుని కెనడా కేసులు చూడాలంటే అక్కడి లాయరో, లైసెన్స్ ఉన్న కన్సల్టెంటో అయి ఉండాలి. తప్పు ఆయన చేసినా శిక్ష దరఖాస్తుదారుకే పడుతుంది. ఇప్పటికే ఏ ఫారంలోనైనా మీ పేరు వదిలేసి ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకండి. అధికారిక వెబ్‌ఫారం ద్వారా ఈ వారమే దిద్దుబాటు పంపి, ఆ కాపీ దగ్గర పెట్టుకోండి.