టెర్మినల్ మూసేయగానే పైథాన్ వెబ్ యాప్ ఎందుకు ఆగిపోతుంది?

సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి యాప్ నడిపితే, అది ఆ సెషన్‌కు కట్టుబడి ఉంటుంది. సెషన్ తెగగానే సిగ్‌హప్ అనే సిగ్నల్ వెళ్లి ప్రాసెస్ చచ్చిపోతుంది. సెషన్ తెగినా ప్రాసెస్‌ను నడిపించే నోహప్, టీమక్స్ లాంటి టూల్స్ వాడితే బతుకుతుంది కానీ, యాప్ క్రాష్ అయినా సర్వర్ రీబూట్ అయినా మళ్లీ లేపేవాళ్లు ఉండరు. అర్ధరాత్రి ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

లైనక్స్‌లో ఆ కాపలా పని, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్‌కి అప్పగించండి. చిన్న సర్వీస్ ఫైల్ రాసి, అందులో రీస్టార్ట్ విలువను ఆల్వేస్‌గా పెట్టి, ఎనేబుల్ చేసి, స్టార్ట్ చేస్తే చాలు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోని (యాప్ లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్) ప్రోగ్రామ్‌కు పూర్తి పాత్ ఇవ్వండి. చాలామంది తడబడేది ఇక్కడే. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా మాత్రం నడపకండి, వేరే యూజర్‌ను పెట్టండి. లాగ్‌లు జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో కనిపిస్తాయి.

ఫ్లాస్క్, జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ల వెంట వచ్చే డెవలప్‌మెంట్ సర్వర్ దీనికి పనికిరాదు. పైథాన్ యాప్‌లను నడిపే గునికార్న్ అనే సర్వర్ పెట్టి, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంచండి. గునికార్న్ వర్కర్ల (రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రాసెస్‌ల) సంఖ్యకు సీపీయూ కోర్లను రెట్టింపు చేసి 1 కలపమంటారు, అంటే 2 కోర్లకు 5. మెమరీ తక్కువుంటే నేనైతే ఇంకా తగ్గిస్తాను. గునికార్న్‌లో మామూలు వర్కర్ 30 సెకన్లు స్పందించకపోతే దాన్ని చంపేసి కొత్తది మొదలుపెడుతుంది. కాబట్టి పెద్ద రిపోర్టుల్లాంటి పనులు, వెనకాల విడిగా నడిపించే సెలెరీ అనే టూల్‌కి ఇవ్వడమే మేలు.