గ్యాస్ మందుకీ హెచ్‌ఐవీ మాత్రకీ ఎంత ఎడం ఉండాలి?

ప్రశ్న: టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజూ రాత్రి 9కి వేసుకుంటాను. ఛాతీలో మంటకు పొద్దున పాంటాప్రజోల్, రాత్రి 8:30కి భోజనం కాగానే యాంటాసిడ్ సిరప్ వాడుతున్నాను. గ్యాస్ మందులతో హెచ్‌ఐవీ మందు పనిచేయదట. నిజమేనా?

జవాబు: పాంటాప్రజోల్‌తో మీకు పేచీ లేదు. చిక్కంతా, అమాయకంగా కనిపించే ఆ సిరప్‌తోనే. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డొలుటెగ్రావిర్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. మందు రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. ఇది ఆమ్లం తగ్గడం వల్ల వచ్చే ఇబ్బంది కాదు, లోహం వల్ల వచ్చేది. మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత సిరప్ తాగొచ్చు. సిరప్ ముందు తాగితే మాత్రకు 6 గంటలు ఆగాలి. అంటే 8:30కి తాగితే అర్ధరాత్రి 2:30 దాకా మేలుకోవాలన్నమాట! అంతకన్నా మాత్రనే 7 గంటలకు జరుపుకోండి, డొలుటెగ్రావిర్‌కు భోజనంతో పనిలేదు. సిరప్ 9 దాటాక తాగండి. అల్సర్‌కు ఇచ్చే సుక్రాల్ఫేట్‌లోనూ అల్యూమినియం ఉంటుంది, దానికీ ఇదే లెక్క. క్యాల్షియం, ఐరన్ మాత్రలైతే భోజనంతో కలిపి డొలుటెగ్రావిర్‌తోపాటే వేసుకోవచ్చు. పరగడుపున మాత్రం వద్దు.

ప్రశ్న: హెచ్‌ఐవీకి నేను వాడేది రిల్పివిరిన్ మాత్ర. ఒమెప్రజోల్ 12 గంటల తేడాతో వేసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. రిల్పివిరిన్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి ఆమ్లాన్ని రోజంతా అణచి ఉంచుతాయి కనుక ఎంత ఎడం పెట్టినా లాభం లేదు. ఈ జంట పూర్తిగా నిషిద్ధం. రక్తంలో మందు పలచబడితే వైరస్ దానికి లొంగకుండా తయారవుతుంది, అదే కుటుంబానికి చెందిన ఇతర మందులూ చేజారవచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మరో రకం మందు ఫామోటిడిన్ అయితే రిల్పివిరిన్‌కు 12 గంటల ముందు, లేదా 4 గంటల తర్వాత. యాంటాసిడ్ 2 గంటల ముందు, లేదా 4 గంటల తర్వాత. రిల్పివిరిన్‌ను భోజనంతోనే వేసుకోండి. మంట తగ్గక ఒమెప్రజోల్ తప్పనిసరైతే, మార్చాల్సింది హెచ్‌ఐవీ మందును. అది డాక్టరు చేయాల్సిన పని, మీరుగా ఏదీ ఆపకండి. రిల్పివిరిన్ ఇంజెక్షన్‌కు ఈ బెడద లేదు, అది కడుపు గుండా వెళ్లదు కదా.

మరో హెచ్‌ఐవీ మందు అటజనవిర్‌కూ ఆమ్లం కావాలి. దాన్ని వాడేవారు ఏ గ్యాస్ మందైనా డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.